రెండో పులకేశి పాలనను కర్నూలులో ఉండి చదువుకొనే పద్ధతి

బాదామి చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి గురించి మన పిల్లలు బడిలో నేర్చుకొనేది సాధారణంగా ఒక్క వాక్యమే: నర్మదా తీరంలో హర్షవర్ధనుణ్ణి నిలువరించిన దక్షిణాపథ ప్రభువు. ఆ మాట ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు, ఎవరి ఖర్చుతో ఏ రాతి మీద చెక్కించారు అని అడగడం నేర్పితే ఆ ఒక్క వాక్యమే ఒక పెద్ద గ్రంథంలా విచ్చుకుంటుంది. కర్నూలులో సాంఘికశాస్త్రం చెబుతూ, సెలవు రోజుల్లో పిల్లలను అలంపురానికి తీసుకువెళుతూ నాకు అలవడిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీ విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ, ఊరి చరిత్ర మీద మమకారం ఉన్న ఎవరికైనా ఇది పనికివస్తుందని నా నమ్మకం.

ఈ పనికి మన ప్రాంతం చాలా అనువైనది. పులకేశి రాజధాని బాదామి కర్ణాటకలో ఉన్నా, అతని కుమారులు ఆదిత్యవర్మ, మొదటి విక్రమాదిత్యుడు ఇచ్చిన రాగిరేకులు కర్నూలు ప్రాంతంలోనే దొరికాయి; పులకేశి కాలానిదని చరిత్రకారులు భావించే ఒక కన్నడ శాసనం అనంతపురం జిల్లా పెద్దవడుగూరులో ఉంది; అతని వంశం పోషించిన అలంపురం ఆలయాల గుంపు తుంగభద్ర అవతలి ఒడ్డున, మనకు 30 కిలోమీటర్ల లోపే ఉంది. కాబట్టి పెద్ద గ్రంథాలయాలు లేవని నిరుత్సాహపడకండి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, కొంచెం కూడికలు తీసివేతలు వస్తే మొదలుపెట్టవచ్చు. శాసనాల పాఠాలు అచ్చువేసిన ఎపిగ్రాఫియా ఇండికా అనే పత్రిక పాత సంపుటాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ఇక్కడ నేను చెప్పే శాసనాలలో చాలావాటి పాఠం వాటిలోనో, వాటి సమకాలిక పత్రికలలోనో అచ్చయింది.

మొదట కాలం తేల్చుకోండి

రాజు గొప్పవాడా కాదా అన్నది తర్వాతి మాట. ముందుగా అతడు ఎప్పుడు గద్దెనెక్కాడో, ఎప్పుడు దిగాడో మీ అంతట మీరు లెక్కకట్టండి. పుస్తకంలో చూసి 610, 642 అని రాసుకోవడం వేరు, ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చేత్తో చేసి చూడడం వేరు. రెండోది చేసిన విద్యార్థి ఆ తేదీని జీవితాంతం మరచిపోడు.

శాసనంలో శకవర్షం కనబడితే, దానికి 78 కలపండి. శకసంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కనుక, ఆ సంవత్సరం చివరి నెలలకు 79 కలపవలసి వస్తుంది. ఇది గడచిన శకవర్షాలకు వర్తించే లెక్క. శాసనం నడుస్తున్న సంవత్సరాన్ని చెబుతుంటే ఒకటి తగ్గుతుంది, కాబట్టి 'గతేషు', 'అతీతేషు' వంటి మాటలు ఉన్నాయేమో జాగ్రత్తగా చూడాలి. ఐహొళెలోని మేగుటి జినాలయం గోడ మీద రవికీర్తి అనే కవి చెక్కించిన ప్రశస్తి, అంటే పులకేశిని పొగిడే శాసనం, ఈ అభ్యాసానికి చక్కని పాఠం. అందులో సంవత్సరం అంకెలతో లేదు, శ్లోకంలో మాటలతో ఉంది. భారతయుద్ధం నాటి నుంచి ముప్పై, మూడు వేలు, ఏడు వందలు, ఐదు సంవత్సరాలు గడిచాయని అంటాడు, కూడితే 3735. శకరాజుల కాలంలో యాభై, ఆరు, ఐదు వందలు గడిచాయని అంటాడు, కూడితే 556. దానికి 78 కలిపితే 634-35. పిల్లల చేత ఈ కూడిక బల్ల మీద చేయించినప్పుడు, దాదాపు 1400 ఏళ్ల కిందటి కవి తమకే ఒక లెక్క ఇచ్చినట్టు వాళ్ల ముఖాలు వెలిగిపోవడం నేను ప్రతిసారీ చూస్తాను.

ఇక రాజ్యసంవత్సరాల లెక్క. పులకేశి హైదరాబాదు రాగిరేకులు అతని మూడో పాలనా సంవత్సరానివి, శకం 534వి, అంటే 612 నాటివి. 612లో మూడో ఏడు నడుస్తున్నదంటే, గద్దెనెక్కింది 609-10 మధ్య అని తేలుతుంది. అతని కొడుకు విక్రమాదిత్యుడి విషయంలో ఈ లెక్కను ఇంకా బిగించవచ్చు. తలమంచి రాగిరేకులు అతని ఆరో పాలనా సంవత్సరంలో సూర్యగ్రహణం నాడు ఇచ్చినవి, ఆ గ్రహణం 660 జూలై 13న పట్టిందని పండితులు గణించారు. గద్వాల రాగిరేకులు ఇరవయ్యో ఏట, శకం 596 వైశాఖ పౌర్ణమి నాడు ఇచ్చినవి, అది 674 ఏప్రిల్ 25. మొదటిదాన్ని బట్టి పట్టాభిషేకం 654 జూలైకీ 655 జూలైకీ మధ్య జరిగి ఉండాలి. రెండోదాన్ని బట్టి 654 ఏప్రిల్‌కీ 655 ఏప్రిల్‌కీ మధ్య జరిగి ఉండాలి. రెండు గడువులూ కలిసే భాగమే అసలు కాలం: 654 జూలై మధ్య నుంచి 655 ఏప్రిల్ చివరి దాకా. నోటుపుస్తకంలో రెండు గీతలు ఒకదాని కింద ఒకటి గీసి, అవి ఎక్కడ కలుస్తున్నాయో రంగు పూయించండి. గ్రహణం, పౌర్ణమి వంటి ఆకాశపు గుర్తులున్న శాసనాలకు చరిత్రకారులు అంత విలువ ఎందుకిస్తారో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

రాగిరేకును ముక్కలుగా విడదీసి చదవండి

చాళుక్యుల రాగిరేకులకు ఒక కట్టుబాటు ఉంది, అది తెలిస్తే ఏ రేకునైనా చదవడం సులువవుతుంది. రేకులను కూర్చిన కడియానికి రాజముద్ర ఉంటుంది. వరాహం వారి లాంఛనం. పాఠం విష్ణువు వరాహావతారాన్ని కీర్తించే 'జయత్యావిష్కృతం విష్ణోర్వారాహం క్షోభితార్ణవం' అనే శ్లోకంతో మొదలవుతుంది. ఆ తర్వాత మానవ్యసగోత్రులు, హారీతీపుత్రులు, సప్తమాతృకలు పెంచినవారు, కార్తికేయుని రక్షణలో శుభపరంపరలు పొందినవారు అంటూ వంశవర్ణన సాగుతుంది. ఆపైన తాత, తండ్రి, ఇస్తున్న రాజు, వారి విజయాలు. ఆ తర్వాత 'విదితమస్తు', అంటే మీకందరికీ తెలియుగాక అనే అర్థం వచ్చే మాటతో అసలు సంగతి మొదలవుతుంది: ఎప్పుడు, ఏ విడిదిలో ఉండి, ఎవరి విన్నపం మీద, ఏ విషయంలోని ఏ గ్రామాన్ని, ఎవరికి ఇచ్చారు. 'విషయం' అంటే ఇక్కడ నేటి తాలూకా లాంటి పాలనా విభాగం అని గుర్తుంచుకోండి. చివర దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపశ్లోకం, రాసిన అధికారి పేరు. విక్రమాదిత్యుడి గద్వాల శాసనాన్ని రాసినవాడు మహాసాంధివిగ్రహికుడు జయసేనుడు, అంటే యుద్ధం, సంధి వ్యవహారాలు చూసే మంత్రి.

నా సలహా ఏమిటంటే, పాఠాన్ని పైనుంచి కిందికి చదవకండి. మొదట తేదీ, తర్వాత దానం, ఆ తర్వాత విన్నపం చేసినవాడి పేరు, చిట్టచివరకు పొగడ్త చదవండి. పొగడ్తతో మొదలుపెడితే ఆ సంస్కృత సమాసాల హోరులో రాజు దేవుడైపోతాడు, ఊరు కనబడకుండా పోతుంది. ఆ రేకు చేసిన అసలు పని ఒక ఊరి పొలాన్ని ఒకరికి అప్పగించడం. మన పట్టాదారు పాసుపుస్తకంలో మొదట ఎవరి పేరు, ఎంత పొలం, ఏ హద్దులు అని చూసుకొన్నట్టే దీన్నీ చూడాలి.

ఈ పద్ధతిలో విక్రమాదిత్యుడి కర్నూలు రేకులు చదివితే ఒక గొప్ప విషయం బయటపడుతుంది. పొగడ్త భాగంలో అతడు చిత్రకంఠమనే ఒక్క గుర్రాన్ని ఎక్కి, ముగ్గురు రాజుల వల్ల మరుగునపడిన తన తండ్రి రాజ్యలక్ష్మిని తిరిగి సంపాదించాడని ఉంది. అందరూ ఆ గుర్రం దగ్గరే ఆగిపోతారు. దాని వెంటనే ఉన్న మాట అంతకన్నా విలువైనది: ఆ ముగ్గురు రాజుల కాలంలో నిలిచిపోయిన దేవుని మాన్యాలనూ బ్రాహ్మణుల మాన్యాలనూ అతడు 'స్వముఖేన', అంటే తన నోటితోనే మళ్లీ స్థిరపరిచాడు. అంటే 642లో బాదామి పల్లవుల చేతిలో పడ్డాక, దక్కనులో పాత దానపత్రాలన్నిటి చెల్లుబాటు ప్రశ్నార్థకమైంది. గెలిచిన రాజు చేసిన మొదటి పనుల్లో ఒకటి, వాటికి మళ్లీ తన మాట పూచీగా ఇవ్వడం. ఒక చక్రవర్తి పతనం గ్రామంలోని సాగుదారు దాకా ఎలా చేరుతుందో ఇంత చిన్న వాక్యంలో చెప్పిన శాసనం నాకు మరొకటి తెలియదు. అందుకే నా దృష్టిలో పులకేశి పాలనను అర్థం చేసుకోవడానికి ఐహొళె ప్రశస్తి ఎంత అవసరమో, అతని కొడుకు కర్నూలు రేకులూ అంతే అవసరం.

ఆదిత్యవర్మ రేకులనూ దీని పక్కన పెట్టి చూడాలి. తండ్రి మరణానంతరం అన్నదమ్ముల మధ్య రాజ్యం చీలిందనీ, ఆదిత్యవర్మ ఈ తుంగభద్రా ప్రాంతంలో కొంతకాలం సార్వభౌమ బిరుదులతో పాలించాడనీ కొందరు చరిత్రకారులు భావించడానికి అవే ఆధారం. అవి అతని మొదటి పాలనా సంవత్సరానివి. అయితే ఒక జాగ్రత్త. రాగిరేకు కాళ్లున్న వస్తువు లాంటిది. దానం పొందిన కుటుంబం వలసపోతే రేకు కూడా వెంటపోతుంది. కర్నూలులో దొరికిందని దానమిచ్చిన ఊరు కర్నూలు పక్కనే ఉందని అనుకోకూడదు. రాతి శాసనం మాత్రం చాలావరకు ఉన్నచోటనే ఉంటుంది.

పొగడ్తను తూచే పద్ధతి

నోటుపుస్తకంలో ఒక పుటను మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో రాజు తన గురించి తాను చెప్పుకొన్నది, రెండో భాగంలో శత్రువు చెప్పినది, మూడో భాగంలో ఇద్దరికీ చెందని మనిషి చెప్పినది రాయండి. ఒక యుద్ధానికి ఒక వరుస. మూడు భాగాలూ నిండిన వరుసలు చాలా తక్కువ ఉంటాయి, అవే మీ గట్టి నేల.

హర్షుడితో యుద్ధం అటువంటి వరుస. మొదటి భాగంలో రవికీర్తి శ్లోకం: ఏనుగుల దండు కూలిపోవడంతో భయపడిన హర్షుడి హర్షం కరిగిపోయిందని అతడు పేరు మీద చమత్కారం చేశాడు. రెండో భాగం ఖాళీ, హర్షుడి శాసనాల్లో ఈ ఓటమి ప్రస్తావన లేదు, ఉండదు కూడా. మూడో భాగంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఉన్నాడు. అతడు 641 ప్రాంతంలో పులకేశి రాజ్యానికి వచ్చాడు. హర్షుడి ఆదరణ పొందినవాడు, హర్షుణ్ణి అభిమానించినవాడు అయినా, శిలాదిత్యుడు, అంటే హర్షుడు, ఎందరినో జయించాడు గానీ ఈ దేశపు ప్రజలను లొంగదీసుకోలేకపోయాడని రాశాడు. తనకు ఇష్టమైన రాజుకు అనుకూలం కాని మాట ఒప్పుకొన్న సాక్షి కనుక ఆ మాటకు బరువెక్కువ. ఇక తేదీ విషయం: 612 నాటి హైదరాబాదు రేకులు నూరు యుద్ధాలు చేసిన శత్రురాజును ఓడించి 'పరమేశ్వర' బిరుదు పొందినట్టు చెబుతాయి గానీ హర్షుడి పేరు చెప్పవు. తర్వాతి తరం రేకులు ఆ బిరుదును హర్షుడి మీద విజయానికి ముడిపెట్టాయి. దీని మీద పండితుల మధ్య చాలాకాలం వాదం నడిచింది. 619 ఏప్రిల్ నాటి బీజాపూర్-ముంబై రాగిరేకులో హర్షుడి మీద విజయం ప్రస్తావనకు రావడంతో, యుద్ధం ఆలోపే జరిగిందన్న వైపు మొగ్గు బలపడింది. ఒక్క రేకు దశాబ్దాల వాదాన్ని ఎలా కదిలించిందో విద్యార్థులకు తప్పక చెప్పండి, వాళ్ల ఊరి పొలంలో దొరికేది కూడా అటువంటిదే కావచ్చు.

పల్లవులతో యుద్ధాల వరుస ఇంకో పాఠం నేర్పుతుంది. పులకేశి సైన్యం రేపిన ధూళిలో పల్లవరాజు కంచి ప్రాకారాల వెనుక దాగాడని ఐహొళె ప్రశస్తి అంటుంది. మహేంద్రవర్మ పుల్లలూరు దగ్గర శత్రువులను నాశనం చేశాడని పల్లవుల కాశాకుడి రేకులు అంటాయి. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు: దండు కంచి దాకా వెళ్లి ఉండవచ్చు, పుల్లలూరు దగ్గర ఎదురుదెబ్బ తిని వెనుదిరిగి ఉండవచ్చు. ఒక తరం తర్వాత అదే కథ మళ్లీ జరిగింది. గద్వాల రేకులు విక్రమాదిత్యుడు ఈశ్వరపోతరాజును గెలిచి కంచిని పట్టుకొన్నాడని చెబుతాయి. ఆ పల్లవరాజు పరమేశ్వరవర్మ ఇచ్చిన కూరం రేకులు, లక్షల సైన్యంతో వచ్చిన విక్రమాదిత్యుడు ఒంటరిగా, ఒంటి మీద చింకిగుడ్డతో పారిపోయాడని చెబుతాయి. ఇక్కడ ఎవరు అబద్ధమాడారని తేల్చడానికి తొందరపడకండి. గద్వాల శాసనం 674 ఏప్రిల్‌లో కావేరి దక్షిణపు ఒడ్డున ఉరగపురంలో విడిది చేసి ఉండగా ఇచ్చినది. అంటే ఆ రోజుకు చాళుక్య సైన్యం కంచిని దాటి చాలా దూరం వెళ్లిందన్నది పొగడ్త కాదు, విడిది పేరు. పొగడ్తలో లేని నిజం ఇలా విడిది పేరులో దొరుకుతుంది.

642 వరుసకు మాత్రం వాదం లేదు. పల్లవ నరసింహవర్మ బాదామిని పట్టుకొన్నాడనడానికి అతని మనుమడు పరమేశ్వరవర్మ ఇచ్చిన కూరం రేకుల మాటే కాక, బాదామి కొండరాతి మీదే అతని పదమూడో పాలనా సంవత్సరపు శాసనం ఉంది. శత్రువు రాజధాని గుండెలో తన సంవత్సరం చెక్కించగలిగాడంటే ఇక సాక్ష్యం అక్కరలేదు. ఆ పోరులోనే పులకేశి మరణించి ఉంటాడన్నది చరిత్రకారుల ఊహ. దానిని ఊహగానే రాసుకోండి.

అంకెల దగ్గర కూడా తూకం తప్పకూడదు. 99,000 గ్రామాలున్న మూడు మహారాష్ట్రాలకు పులకేశి అధిపతి అయ్యాడని ఐహొళె శాసనం చెబితే, అది ఊళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన అంకె అనుకోకండి. మన కడప వైపు 'రేనాడు ఏడువేలు' లాగే అది ఒక ప్రాంతం పేరుకు అంటిపెట్టుకొని వచ్చే సంప్రదాయపు సంఖ్య.

మన నేల మీద ఆ రాజ్యం ఎక్కడ ఆనింది

గుత్తి సమీపాన ఉన్న పెద్దవడుగూరు శాసనంతో మొదలుపెట్టవచ్చు. అందులో రణవిక్రముణ్ణి లొంగదీసుకొన్న తర్వాత ఎరెయ అనే ప్రభువు చేసిన దానం ఉంది. రణవిక్రమ అన్నది పులకేశి పినతండ్రి మంగళేశుడి బిరుదు కావడం వల్ల, ఎరెయ అన్నది పట్టాభిషేకానికి ముందు పులకేశి పేరు కావచ్చుననీ, పినతండ్రితో అతని పోరు ఈ అనంతపురం నేల మీదే తేలిందనీ కొందరు పండితులు వాదించారు. రణవిక్రముడు బాణరాజు కావచ్చునన్న వాదనా ఉంది. ఐహొళె ప్రశస్తి ఆ అంతర్యుద్ధాన్ని చెబుతుంది. తన కొడుక్కు రాజ్యం కట్టబెట్టాలనుకొన్న మంగళేశుడు ఆ ప్రయత్నంతో పాటు రాజ్యాన్నీ ప్రాణాన్నీ పోగొట్టుకొన్నాడని అంటుంది. యుద్ధం ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పదు. ఇటువంటి చోట పెన్సిలుతో రాసి ప్రశ్నార్థకం పెట్టడమే పద్ధతి.

ఊరి పేర్ల పోలికలతో తొందరపడకూడదని చెప్పడానికి రత్నగిరి మంచి ఉదాహరణ. విక్రమాదిత్యుడి శాసనమొకటి నళవాడి విషయంలోని రత్నగిరి గ్రామాన్ని పేర్కొంటుంది. నళవాడి పేరు నలవంశం నుంచి వచ్చింది. పులకేశి తండ్రి కీర్తివర్మ నలులకూ మౌర్యులకూ కదంబులకూ కాళరాత్రి అయ్యాడని ఐహొళె శాసనం చెప్పేది ఆ నలుల గురించే. ఆ విభాగం బళ్లారి, కర్నూలు ప్రాంతంలో ఉండేదని పండితులు నిర్ణయించారు. మడకశిర వైపు రత్నగిరి అనే కోట ఊరు ఈనాటికీ ఉంది. పేరు కలిసింది గదా అని అదే ఇది అని రాసేయకండి. కొండ ఉన్న ప్రతిచోటా రత్నగిరి పుట్టగలదు. హద్దుల ఊళ్ల పేర్లు కూడా కలిసినప్పుడే గట్టిగా చెప్పాలి.

కడప వైపు వాళ్లు ఇంకొక పని చేయాలి. చాళుక్యులు సంస్కృతంలోనూ కన్నడంలోనూ రాయిస్తున్న ఆ శతాబ్దాల్లోనే, వారికీ పల్లవులకూ మధ్య ఉన్న రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించారు. కలమళ్ళ శాసనంలో ఎరికల్ ముతురాజు ధనంజయుడు 'రేనాణ్డు ఏళన్' అని ఉంది, రేనాడు ఏలగా అని అర్థం. ఆ శాసనం సుమారు 575 నాటిదని పండితుల నిర్ణయం, అంటే పులకేశి గద్దెనెక్కడానికి ఒక తరం ముందే. చక్రవర్తి చరిత్రను అతని భాషలోనే చదివి ఊరుకోకుండా, అదే నేల మీద చిన్న రాజు మన భాషలో ఏమన్నాడో పక్కన పెట్టి చదవండి. ఎర్రగుడిపాడు శాసనమూ ఈ వరుసలోనిదే.

అలంపురంలో ఒక రోజు

కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటి హైదరాబాదు దారిలో వెళ్లి, అలంపురం చౌరస్తా దగ్గర కుడివైపు తిరగాలి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లడం మంచిది, చెక్కడాల లోతూ అక్షరాల గీతలూ అప్పుడే తేలుతాయి. మధ్యాహ్నపు ఎండలో రాయి అంతా చదునుగా కనబడుతుంది.

ముందుగా ఒక అపోహను వదిలించుకోవాలి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలని పేర్లున్నా, ఇవి శివాలయాలే. వీటిని పులకేశి కట్టించాడని దారిలో ఎవరైనా చెప్పవచ్చు గానీ, 7, 8 శతాబ్దాల్లో అతని వారసుల కాలంలో రూపుదిద్దుకొన్నవని శైలినీ శాసనాలనూ బట్టి చెబుతారు. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలంలో, అంటే పులకేశి మనుమడి కాలంలో, లోకాదిత్య ఎళ అరస అనే ప్రభువు కట్టించినదని అక్కడి శాసనం తెలుపుతుంది. విజయాదిత్యుడి ఆజ్ఞతో ఈశానాచార్యుడు ప్రాకారం కట్టించిన సంగతిని శకం 635 నాటి శాసనం చెబుతుంది. 78 కలిపి చూడండి, 713. ఇక ఆముదాలపాడు రేకులు, విక్రమాదిత్యుడు 660లో సుదర్శనాచార్యుడి దగ్గర శివదీక్ష పొందాడని చెబుతాయి. వరాహలాంఛనంతో, విష్ణుస్తుతితో మొదలయ్యే రాజపత్రాల వంశం తుంగభద్ర ఒడ్డున ఇన్ని శివాలయాలకు ఎందుకు పూనుకొన్నదో ఆ దీక్ష తెలిస్తే అర్థమవుతుంది. తండ్రి పోగొట్టిన రాజధానిని తిరిగి గెలిచిన కొడుకు, గెలిచిన కొద్ది ఏళ్లలోనే శైవగురువు ముందు తలవంచాడు. ఆ గురుపరంపర పోషణ మనుమడూ మునిమనుమడూ కొనసాగించారు.

ఆలయాల ముందు నిలబడి శిఖరం చూడండి. ఉత్తరాది తీరులో వంపు తిరుగుతూ పైకి లేచి, తల మీద ఉసిరికాయ వంటి ఆమలకంతో ముగిసేది రేఖానాగర శిఖరం. గుంపులో తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది తీరులో, అంతస్తులుగా లేచిన శిఖరంతో ఉంటుంది. రెండింటినీ ఒకే పుటలో బొమ్మ గీసుకోండి, చక్కగా రాకపోయినా సరే, గీసే చెయ్యి కన్నుకు చూడడం నేర్పుతుంది. లోపల గర్భగుడి చుట్టూ తిరిగే చీకటి ప్రదక్షిణ మార్గాన్నీ, దానికి వెలుతురునిచ్చే జాలక గవాక్షాలనూ గమనించండి. బాలబ్రహ్మ ఆలయంలో నిత్యపూజ జరుగుతుంది కాబట్టి అక్కడ భక్తులకు అడ్డం రాకుండా, కొలతలూ ఫోటోలూ మానుకొని దర్శనం చేసుకొని రావాలి. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కాపాడడానికి కూడవెల్లి నుంచి రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలిపిన సంగమేశ్వరాలయాన్ని తప్పక చూడండి. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండవలసిన ఆ గుడిని ఇక్కడ చూసినప్పుడల్లా నాకు ఆనందమూ దిగులూ ఒకేసారి కలుగుతాయి. సమయం మిగిలితే మరో వారం మహానంది వెళ్లినప్పుడు, క్యూలో నిలబడే ముందు ఒకసారి తలెత్తి గర్భగుడి శిఖరం చూడండి, అలంపురపు పోలిక దానిలోనూ ఉంది.

రాతి దగ్గర నడుచుకోవలసిన తీరు

అక్షరాలు కనబడడం లేదని సున్నం, సుద్దముక్క, నూనె, పసుపు పూయకూడదు. ఒకసారి ఒక ఊళ్లో మా వెంట వచ్చిన ఒక కుర్రాడు ఉత్సాహం కొద్దీ అక్షరాల గాట్లలో మేకుతో మట్టి గీకాడు, దానితో పాటు ఒక అక్షరం అంచు కూడా రాలింది. ఆ పూట నేను ముందుగా హెచ్చరించకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ఊరు చేరకముందే బస్సులోనే ఈ మాట చెబుతున్నాను. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి, పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకొని రెండు మూడు కోణాల్లో ఫోటో తీయండి. ఫోటోలో ఒక స్కేలు కూడా ఉంటే అక్షరాల పరిమాణం తర్వాత తెలుస్తుంది. శాసన పరిశోధకులు రాతిని నీటితో కడిగి, తడి కాగితాన్ని పరచి, అక్షరాల గాట్లలోకి దిగేలా కుంచెతో తట్టి, మీద సిరా అద్ది అచ్చు తీస్తారు. నల్లని కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలుతాయి. అది అనుమతితో, నేర్చినవారి చేతుల మీదుగా జరగవలసిన పని.

పొలం దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో రాగిరేకులు బయటపడితే, బంగారమేమోనని కరిగించడం, తోమి మెరుగుపెట్టడం, ముక్కలుగా పంచుకోవడం ఎంతమాత్రం చేయవద్దు. కడియాన్ని కోయవద్దు, ముద్ర దాని మీదే ఉంటుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన అటువంటి వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలి, ఊళ్లో తహసీల్దారు ద్వారా ఆ పని జరుగుతుంది. చదివించే పనిని మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగం చేస్తుంది. దొరికిన చోటు, లోతు, పక్కన ఏమేమి ఉన్నాయి అన్నవి ఆ రోజే రాసిపెట్టుకోండి. రేకు మాట్లాడని సంగతులు ఆ వివరాలు మాట్లాడతాయి.

ఆ పాలన మిగిల్చినది ఎటు వెళ్లిందో వెతికే దారి

పులకేశి పిష్టపురాన్ని, అంటే నేటి పిఠాపురాన్ని పిండి చేశాడని రవికీర్తి శబ్దచమత్కారంగా అంటాడు. కునాల సరస్సు నీళ్లు చచ్చినవారి నెత్తుటితో రంగు మారాయంటాడు, అది మన కొల్లేరు. ఆ తీరాంధ్రాన్ని పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడికి అప్పగించాడు. బాదామి పడిపోయినా, వేంగిలో ఆ తమ్ముడి వంశం నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచింది. వారి శాసనాల్లో తెలుగు మెల్లమెల్లగా చోటు సంపాదించి, ఆ వంశపు రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతానికి దారితీసింది. కాబట్టి ఈ అధ్యయనం ముగించేముందు ఒక చిన్న పటం గీయించండి: బాదామి, ఐహొళె, పెద్దవడుగూరు, కలమళ్ళ, కర్నూలు, అలంపురం, పిఠాపురం, వేంగి, కంచి, ఉరగపురం. ప్రతి ఊరి పక్కన మీ నోటుపుస్తకంలోని శాసనమూ, సంవత్సరమూ రాయించండి. రాతి శాసనం ఉన్నచోట నల్లచుక్క, రాగిరేకు దొరికినచోట ఎర్రచుక్క పెట్టించండి. మా తరగతి గోడకున్న పటంలో ఎర్రచుక్కలు తుంగభద్ర వెంట మన చుట్టూ చిక్కగా కనబడతాయి. వాటిలో ఆదిత్యవర్మ పేరున్న చుక్క పక్కన ఒక పాప పెన్సిలుతో 'అన్నదమ్ములు ఎందుకు విడిపోయారు?' అని రాసింది. దాన్ని నేను చెరపలేదు.